కిటికీ చుట్టూ ఉన్న సందు ఎవరి పని?

గృహప్రవేశం అయిన ఏడాదే చాలా కొత్త ఇళ్లలో ఒకే రకం మచ్చ కనిపిస్తుంది. కిటికీ కింది మూలలో, చట్రం గోడను తాకే చోట, రంగు ముందు బుడగలా ఉబ్బుతుంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. రెండో వానకు పుట్టీ పెచ్చులుగా ఊడుతుంది. ఇంటివాళ్లు రంగుల మేస్త్రీని పిలుస్తారు. ఆయన గోకి, మళ్లీ పుట్టీ పట్టి, మళ్లీ రంగు వేసి వెళ్తాడు. మూడో వానకు మచ్చ తిరిగి వస్తుంది. అప్పుడు అసలు పంచాయితీ మొదలవుతుంది. కిటికీ బిగించినవాళ్లు తప్పు గోడదంటారు, తాపీ మేస్త్రీ తప్పు కిటికీదంటాడు. నీరు వచ్చిన దారి చూస్తే ఇద్దరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. అది కిటికీలోంచి రాలేదు, గోడలోంచీ రాలేదు. రెంటికీ మధ్య ఉన్న, చిటికెన వేలు కూడా పట్టని సందులోంచి వచ్చింది. ఆ సందు ఎవరి ఎస్టిమేట్‌లోనూ విడిగా ఉండదు.

పాత ఇళ్లలో ఈ సందు ఈ రూపంలో లేదు. టేకుదో, మద్దిదో, వేపదో కిటికీ చట్రాన్ని గోడ లేస్తుండగానే నిలబెట్టి, దానికి బిగించిన ఇనుప పట్టీలను (హోల్డ్‌ఫాస్ట్‌లను) ఇటుకల వరసల్లోకి దించి, చుట్టూ గోడ కట్టేవారు. చట్రం ముందు, గోడ తరువాత. ఇప్పుడు వరస తిరగబడింది. ముందు గోడలో ఖాళీ వదులుతారు, ప్లాస్టరింగ్ చేస్తారు, చాలాచోట్ల ఖాళీకి నాలుగు వైపులా గ్రానైట్ పలకలు అతికిస్తారు. ఆ తరువాత కొలతలు తీసుకుని యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో అల్యూమినియంతోనో కిటికీ చేయించి తెచ్చి బిగిస్తారు. కార్ఖానాలో చట్రం మిల్లీమీటర్ల లెక్కతో తయారవుతుంది. గోడ అలా రాదు. పైన 5 అడుగులున్న ఖాళీ కిందికి వచ్చేసరికి అరంగుళం తగ్గడం మన కట్టడాల్లో వింతేమీ కాదు. అందుకే చట్రాన్ని ఖాళీ కన్నా కావాలనే చిన్నదిగా, ఒక్కో వైపు 5 నుంచి 10 మిల్లీమీటర్లు తక్కువగా చేస్తారు. రసమట్టం పెట్టి చట్రాన్ని సరిచేసుకోవడానికి ఆ మాత్రం చోటు ఉండాలి. అంటే సందు పనివాళ్ల పొరపాటు కాదు, అవసరం. పొరపాటు జరిగేది దాన్ని ఏం చేస్తారన్న దగ్గర.

సందు కనిపిస్తే సిమెంటు మాలు కూరి తాపీతో నున్నగా లాగేయడం మేస్త్రీ చేతికి అలవాటు. ఆ సాయంత్రానికి చూడముచ్చటగానే ఉంటుంది. కానీ సందును పూడ్చడం వేరు, మూయడం వేరు. యూపీవీసీ వేడికి బాగా సాగే పదార్థం. 1.5 మీటర్ల పొడవున్న చట్రం ఆదిలాబాద్ చలికాలపు తెల్లవారుజాముకీ, మే నెలలో నేరుగా ఎండ తగిలే మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా చూస్తుందనుకుంటే, దాని పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు మారుతుంది. ముదురు రంగు పూత ఉంటే ఇంకాస్త ఎక్కువే. అదే పొడవు అల్యూమినియం మిల్లీమీటరున్నర దాకా సాగుతుంది. గోడ సాగేది మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే గోడ దాదాపు కదలకుండా ఉంటే, దాన్ని ఆనుకున్న చట్రం ఏడాది పొడవునా ఊపిరి తీస్తున్నట్టు ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య గట్టిపడిన మాలు ఎటూ సాగలేదు. పైగా మాలు ఆరేటప్పుడు తానే కొంత కుంచించుకుపోతుంది, నున్నటి ప్లాస్టిక్‌కు అసలు అంటుకోదు. మొదటి వేసవి దాటేసరికి చట్రం అంచు వెంట వెంట్రుక మందాన పగులు ఒకటి చుట్టూ తిరిగి వస్తుంది. కంటికి సందు మూసినట్టే ఉంటుంది, నీటికి మాత్రం దారి తెరిచినట్టే.

చెక్క చట్రాల కథ కొంచెం వేరు. చెక్క వేడికి పెద్దగా సాగదు, కానీ చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వానాకాలంలో తలుపు రెక్కలు పట్టేయడం అందరికీ తెలిసిందే. చట్రం కూడా అలాగే అడ్డంగా ఉబ్బి తగ్గుతూ, ప్లాస్టరింగ్ అంచు దగ్గర నెర్రె ఇస్తుంది. పాత ఇళ్లలో ఇది అంత గోల చేయకపోవడానికి ఒక కారణం సున్నం. సున్నపు గచ్చు సిమెంటంత బిరుసుగా ఉండదు, కొద్దిపాటి కదలికకు సర్దుకుంటుంది, సన్నని పగుళ్లను కొంతవరకు తానే పూడ్చుకుంటుంది. లోతైన చూరు గోడ మీదికి వాన రాకుండా ఆపడం ఇంకో కారణం. చూరు పోయి 18 అంగుళాల సన్‌షేడ్ వచ్చింది. కొన్ని అపార్టుమెంట్లలో ముందువైపు అందం కోసం అది కూడా పోయింది.

వెంట్రుక మందం పగులులోంచి ఎంత నీరు వస్తుందిలే అనిపించవచ్చు. 0.2 మిల్లీమీటర్ల పగులులో నీరు ఏ గాలీ లేకుండానే, దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు, సిద్ధాంతరీత్యా 7 సెంటీమీటర్ల ఎత్తు దాకా తనంతట తానే ఎక్కగలదు. దానికి గాలి తోడైతే లెక్క మారుతుంది. కట్టడాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలోని సూత్రం ప్రకారం, గంటకు 72 కిలోమీటర్ల గాలి గోడ మీద 240 పాస్కల్‌ల ఒత్తిడి పెడుతుంది. నీటి భాషలో చెబితే, ఆ గాలి 24 మిల్లీమీటర్ల నీటి మట్టాన్ని పైకి నెట్టి నిలపగలదు. కిటికీ కింద అంగుళం కన్నా తక్కువ ఎత్తున్న గట్టును నీరు ఎక్కి దాటడానికి అది చాలు. కోస్తాలో తీరం దాటే ఒక మోస్తరు తుఫానుకు ఇలాంటి ఈదురుగాలి మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో ఉంది. అదే సూత్రంతో అది దాదాపు 15 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. వేగం రెండున్నర రెట్లయితే ఒత్తిడి ఆరు రెట్లకు పైగా పెరిగింది, ఎందుకంటే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కట్టడాల రూపకల్పనకు ఆ ప్రమాణం విజయవాడ, విశాఖపట్నాలకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44 మీటర్లు మూల వేగంగా తీసుకోమంటుంది. హైదరాబాద్ సముద్రానికి దూరం కదా అని నిశ్చింతగా ఉండేంత తేడా ఏమీ కాదది. పదిహేనో అంతస్తులో అసలే కాదు.

నీటి సంగతి ఇలా ఉంటే, గాలి సంగతి ఇంకోలా ఉంటుంది. 5 అడుగులకు 4 అడుగుల కిటికీ చుట్టుకొలత 18 అడుగులు. చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు మిగిలిపోయిందనుకుంటే, మొత్తం కలిపి 110 చదరపు సెంటీమీటర్లు. గోడకు అరచేయి పట్టేంత చతురస్రపు కన్నం పెట్టి వదిలేసినట్టు లెక్క. ఆ కన్నం ఒకేచోట ఉంటే ఎవరూ ఊరుకోరు. చుట్టూ పరుచుకుని ఉంది కాబట్టి ఊరుకుంటున్నారు. ఏసీ చల్లదనం, వీధి దుమ్ము, దోమలు, చీమలు అన్నిటికీ అదే దారి. శబ్దానికి ఇది మరీ దారుణం. కిటికీ మొత్తం వైశాల్యంలో ఆ సందు 0.6 శాతమే, కానీ ఆ మాత్రం తెరుపు ఉంటే మిగతా అంతా ఉక్కుగోడే అయినా శబ్దం సుమారు 22 డెసిబెల్‌లకు మించి తగ్గదు. మెయిన్ రోడ్డు పక్క ఇంటికి 35 డెసిబెల్‌లు ఆపే రెండు పొరల అద్దం కొని, చుట్టూ సందు వదిలేసినవాళ్లు డబ్బు అద్దానికి పెట్టి ఫలితం సందుకు వదిలేసినట్టే.

ఇక వేడి. కిటికీ చుట్టూ ఫోమ్ నింపితే ఇల్లు చల్లబడుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాట అతిశయోక్తి. సెంటీమీటరు వెడల్పు సందు మొత్తం కిటికీ వైశాల్యంలో 3 శాతమే. దానిలోంచి నేరుగా పాకే వేడి, అద్దంలోంచి దూసుకొచ్చే ఎండ ముందు ఏ మూలకూ రాదు. పడమటి కిటికీకి మంచి సన్‌షేడ్ చేసే మేలు ఎన్ని డబ్బాల ఫోమ్ కూడా చేయలేదు. సందులో నింపే పదార్థం అసలు విలువ గాలిని కదలనివ్వకపోవడంలో ఉంది. చిత్రమేమిటంటే, ఇళ్ల ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు మినహా ఇంటి బయటి గోడలూ కిటికీల్లోంచి వచ్చే వేడిని చదరపు మీటరుకు 15 వాట్లకు పరిమితం చేయమంటూ ఇచ్చిన సూత్రంలో మూడే అంశాలున్నాయి: గోడలోంచి పాకే వేడి, అద్దంలోంచి పాకే వేడి, అద్దంలోంచి వచ్చే ఎండ. సందులోంచి చొరబడే గాలికి ఆ సూత్రంలో చోటు లేదు. కాగితం మీద కూడా ఆ సందు ఎవరిదీ కాదన్నమాట.

నింపే పదార్థాల్లో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది పాలీయురెథేన్ ఫోమ్. సాధారణంగా 750 మిల్లీలీటర్ల డబ్బాలో వస్తుంది. డబ్బాను బాగా కుదిపి, తలకిందులుగా పట్టుకుని, సందు లోపలి నుంచి బయటికి వస్తూ నొక్కాలి. బయటికి వచ్చిన నురుగు గాలిలోని చెమ్మను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే పొడి వేసవిలో పని చేసేటప్పుడు ముందుగా సందులో నీళ్లు చిలకరిస్తారు. సందును సగానికి కాస్త ఎక్కువగా నింపి వదిలేస్తే మిగతాది తనే ఉబ్బి నిండుతుంది. నిండుగా కొట్టడం చేతి దురద. ఉబ్బే ఫోమ్‌కు బలం తక్కువేమీ కాదు. చట్రం నిలువు కమ్మీలను లోపలికి వంచేస్తుంది, వారం తరువాత రెక్కలు జరగవు, అప్పుడు చక్రాలు బాగోలేవని కొత్తవి వేస్తారు. తక్కువ ఉబ్బే రకం ఫోమ్‌ను గన్‌తో కొట్టడం, ముందే చట్రాన్ని మరలతో బిగించి ప్యాకింగ్ ముక్కలు పెట్టి ఉంచడం ఈ బాధను తప్పిస్తాయి. ఫోమ్ చట్రాన్ని మోయడానికి కాదు. ఫోమ్ కొట్టాం కదా అని మరలు తగ్గించేవాళ్లూ ఉన్నారు. గాలివాన వచ్చిన రోజు చట్రాన్ని పట్టి ఉంచేది మర మాత్రమే. ఏఏసీ అనే తేలికపాటి, గాలిగదుల సిమెంటు బ్లాకుల గోడల్లో మరకు తొడిగే మామూలు ప్లాస్టిక్ రావల్ ప్లగ్ పట్టు చాలదు, ఆ బ్లాకులకు తగిన పొడవాటి యాంకర్లు వాడాలి.

గట్టిపడ్డాక పైకి పొంగిన ఫోమ్‌ను బ్లేడుతో కోస్తారు. కోసిన చోట లోపలి గాలిగదులు తెరుచుకుంటాయి, నీటిని పీల్చుకుంటాయి. ఎండ నేరుగా తగిలితే ఫోమ్ పసుపు నుంచి గోధుమరంగుకు తిరిగి, కొన్ని నెలల్లో వేలితో రాస్తే పొడిగా రాలిపోయే స్థితికి వస్తుంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది కూడా. పక్కన వెల్డింగ్ పని నడుస్తున్నప్పుడు ఫోమ్ కొట్టడం చాలా సైట్లలో కనిపించే నిర్లక్ష్యం. ఒక్క మాటలో, ఫోమ్ దుప్పటి లాంటిది, గొడుగు కాదు. దాన్ని బయటికి కనిపించేలా వదిలేసి పని పూర్తయిందనడం తప్పు.

గొడుగు పని చేసేది సిలికాన్ సీలెంట్, అంటే ట్యూబులోంచి నొక్కితే వచ్చి రబ్బరులా ఆరే జిగురు. ఇక్కడ మూడు తప్పులు పదేపదే జరుగుతాయి. మొదటిది రకం ఎంపిక. దుకాణంలో చవకగా దొరికే ట్యూబు చాలాసార్లు ఎసిటిక్ రకం. నొక్కగానే వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అదే. అక్వేరియం గాజుకు, బాత్రూమ్ అద్దానికి అది బాగుంటుంది. సిమెంటు క్షారం, సీలెంట్ విడుదల చేసేది ఆమ్లం, కాబట్టి గోడ అంచున దాని పట్టు నిలవదు. గోడకూ చట్రానికీ మధ్య వాడాల్సింది న్యూట్రల్ రకం, బయటి వాతావరణానికి తట్టుకునేది. రెండో తప్పు ఆకారం. సీలెంట్ రబ్బరు బ్యాండులా రెండు చివర్ల పట్టుకుని మధ్యలో సాగాలి. వెనక గోడకు కూడా అంటుకుంటే సాగడానికి వీల్లేక మధ్యలో చీలుతుంది. అందుకే సందులో ముందు గుండ్రటి ఫోమ్ తాడును కూరతారు. పనివాళ్లు దాన్ని బ్యాకర్ రాడ్ అంటారు. దాని మీద వేసే సీలెంట్ వెడల్పు లోతుకు రెండింతలు ఉండాలి. 10 మిల్లీమీటర్ల సందుకు 5 మిల్లీమీటర్ల లోతు చాలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది చట్రానికీ గోడకూ మూలలో పలచగా వేలితో రాసిన గీత. అది అలంకారం తప్ప సీలింగ్ కాదు.

మూడో తప్పు మనవాళ్ల పని వరసలోంచే పుట్టింది, బహుశా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది కూడా అదే. రంగులు పూర్తయ్యాకే కిటికీవాళ్లు వచ్చి ఆఖరున సీలెంట్ వేస్తారు, గోడ శుభ్రంగా కనపడాలని. కానీ సీలెంట్ అప్పుడు అంటుకునేది గోడకు కాదు, పుట్టీ మీది రంగుకు. పుట్టీకి దాన్ని పట్టుకునేంత బలం లేదు. చట్రం కదిలిన మొదటి వేసవిలో సీలెంట్ చెక్కుచెదరకుండా, పుట్టీ పొరనూ రంగునూ తనతో పాటు పొట్టులా లేపుకుని వచ్చేస్తుంది. లాగి చూస్తే సిలికాన్ వెనక తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. సిలికాన్ నాసిరకమని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి అది తన పని తాను చేసింది. సీలెంట్ ఆరిన ప్లాస్టరింగ్‌కో, గ్రానైట్‌కో నేరుగా పట్టాలి, ఆ పక్కన పుట్టీ దాని అంచు దాకా వచ్చి ఆగాలి. సిలికాన్ మీద రంగు నిలవదని రంగుల మేస్త్రీలు దీనికి ఒప్పుకోరు. రంగు పట్టే ఇతర రకాల సీలెంట్లు బజారులో ఉన్నాయి, వాటిని అడగాలంతే.

లోపలి వైపు ఏం చేయాలన్నది తేలిక ప్రశ్న కాదు. ఈ పనికి లోకంలో చాలామంది జర్మనీ పద్ధతిని ప్రమాణంగా చూపిస్తారు. మూడు పొరలు, మధ్యలో ఫోమ్, బయటి పొర కన్నా లోపలి పొర బిగుతుగా ఉండాలన్నది అక్కడి సూత్రం. అక్కడ చలికాలంలో గది వెచ్చగా, చెమ్మగా ఉంటుంది, బయట గడ్డకట్టే చలి. ఆవిరి లోపలి నుంచి బయటికి వెళ్తుంది, కాబట్టి లోపల అడ్డుకోవాలి. విశాఖలో ఆగస్టు నెల దీనికి సరిగ్గా తలకిందులు. బయటి గాలి ఆవిరితో బరువెక్కి ఉంటుంది. 25, 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీటి బొట్లు కడుతుంది. గదిలో ఏసీ 24 మీద నడుస్తుంటే, సందులోంచి దూరిన ఆ గాలి చల్లటి చట్రం వెనక తగిలి అక్కడే తడిగా మారుతుంది. ఒక్క చినుకు పడకపోయినా కిటికీ పక్క గోడ చెమ్మగిల్లడం, నల్లటి బూజు పట్టడం ఇలాగే జరుగుతుంది. కాబట్టి కోస్తాలో బయటి పొరే ప్రధానం, అది నీటితో పాటు గాలినీ ఆపాలి. హైదరాబాద్‌లో ఏసీ ఎక్కువగా నడిచే ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ ఇబ్బంది బాగా తక్కువ. చలిదేశాల వీడియోలు చూసి లోపల మాత్రమే గట్టిగా మూసి బయట వదిలేస్తే, తుఫాను వాన సంగతి సరేసరి, ఏసీ గది సంగతి కూడా చెడుతుంది.

నాలుగు వైపుల్లో కింది వైపు వేరే లోకం. పక్కలూ పైనా నీరు జారిపోతుంది, కింద నిలుస్తుంది. కిటికీ దిగువ పలక బయటికి వాలుగా ఉండాలనేది తాతల నాటి మాట. గ్రానైట్ వచ్చాక అది మట్టంగా పరవడం మొదలైంది, కొన్నిసార్లు చూపు తప్పి లోపలికే వాలింది. పలక కింద మాలు బోలుగా ఉంటే, రెండు పలకల అతుకులో దిగిన నీరు ఆ బోలులో తిరిగి గది వైపు తేలుతుంది. బయటికి పొడుచుకు వచ్చిన అంచు అడుగున సన్నని గాడి కోయిస్తే బొట్టు అక్కడే తెగి కింద పడుతుంది. లేకపోతే రాయి అడుగు పట్టుకుని వెనక్కి నడిచి గోడలోకి వెళ్తుంది. సన్‌షేడ్ అడుగున మేస్త్రీలు వేసే గాడి కూడా ఇందుకే.

జరిగే రెక్కల కిటికీల్లో ఇంకో మెలిక ఉంది. వాటి కింది పట్టాలో నీరు పడటం సహజం, అందుకే బయటి వైపు చిన్న చిన్న పొడవాటి రంధ్రాలు ఉంటాయి, నీరు వాటిలోంచి పోతుంది. శ్రద్ధ ఎక్కువైన పనివాడు బయట కింది అంచంతా సిలికాన్ పూసేటప్పుడు ఆ రంధ్రాలనూ మూసేస్తాడు. పట్టా తొట్టిలా నిండి నీరు లోపలికి పొర్లుతుంది. ఇక రెండోది మరలు. కింది పట్టాకు నడిమధ్యన రంధ్రం చేసి కిందికి మర బిగిస్తే, పట్టాలో నిలిచిన నీరు ఆ మర వెంటే చట్రం కిందికి దిగుతుంది. బయట ఎన్ని ట్యూబుల సిలికాన్ వేసినా ఆ నీరు ఆగదు, ఎందుకంటే అది బయటి నుంచి రావడం లేదు. మర తలలను సీలెంట్‌లో ముంచి మూతలు పెట్టడం నిమిషం పని. మచ్చ వచ్చిన ఇళ్లలో ముందు చూడాల్సింది ఈ మరలనే.

ఇంత వివరం ఉన్న పని ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఒప్పందంలో ఉండాలి. తాపీ పని కొలత ప్లాస్టరింగ్ చదరపు అడుగుల్లో, కిటికీ ధర చట్రం చదరపు అడుగుల్లో, రంగుల లెక్క గోడ చదరపు అడుగుల్లో. సందుకు చెప్పుకోదగ్గ వైశాల్యం లేదు, పొడవు మాత్రమే ఉంది, కాబట్టి ఏ లెక్కలోకీ రాదు. కిటికీ కొటేషన్‌లోనే సందు నింపడం, బ్యాకర్ రాడ్, బయటి సీలెంట్ రకం రన్నింగ్ అడుగుకు ఇంత అని విడిగా రాయిస్తే అది ఒకరి పని అవుతుంది. కిటికీవాళ్లు ప్లాస్టరింగ్ పూర్తయి ఆరాక, పుట్టీ పట్టకముందు వచ్చేలా తేదీ కుదరాలి. దీనికి ఇంటివాళ్లు రెండు పనులవాళ్లనూ ఒకేరోజు సైట్ మీద నిలబెట్టి మాట్లాడాల్సి వస్తుంది. అది కొంచెం కష్టమే.

పని సరిగా జరిగిందో లేదో చూడటానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. గాలి కోసమైతే ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, వంటగది ఎగ్జాస్ట్ వేసి, వెలిగించిన అగరుబత్తిని చట్రం అంచు వెంట మెల్లగా తిప్పితే పొగ ఎక్కడ వంగుతుందో అక్కడ సందు ఉంది. నీటి కోసం తోట పైపు చాలు, కానీ పైనుంచి కొట్టకూడదు. పైనుంచి కొడితే నీరు అన్నిచోట్లా ఒకేసారి తడిపి, ఎక్కడినుంచి లోపలికి వచ్చిందో తెలియనివ్వదు. ముందు దిగువ పలకనూ కింది రెండు మూలలనూ ఐదు, పది నిమిషాలు తడపాలి. ఒకరు లోపల టార్చిలైటుతో ఉండాలి. చెమ్మ కనపడకపోతే పక్కలకు, ఆ తరువాత పై అంచుకు వెళ్లాలి. పుట్టీ పట్టకముందు, సిమెంటు బూడిదరంగులోనే ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే తడి చుక్క ముదురు మచ్చలా వెంటనే కనిపిస్తుంది. తెల్లరంగు వేశాక అదే చుక్క బయటపడటానికి రెండు వానలు పడుతుంది.